తెలియక పోగొట్టుకునే సొమ్ము

జుమా నమాజు ముగిసి జనం మస్జిదు మెట్లు దిగుతుండగా ఒక కుర్రవాడు మా దగ్గరకు వచ్చి సలాం చేసి, చేతిలోని బ్యాంకు కాగితం చూపించాడు. తండ్రి పోయిన తరువాత చేతికి వచ్చిన తొమ్మిది లక్షల రూపాయలను వాళ్ళ అమ్మ బ్యాంకులో డిపాజిట్ చేసిందట. ఏడాదికి 63,000 రూపాయల వడ్డీ అయింది. అందులో 10 శాతం, అంటే 6,300 రూపాయలు, ఆదాయపు పన్ను కింద కోసుకుని మిగిలినది జమ చేశారు. ఆమెకు వేరే ఆదాయం పైసా కూడా లేదు. "హజ్రత్, పేటలో ఒకాయనను అడిగితే ఆ డబ్బు తెప్పిస్తానన్నాడు. రెండు వేలు తనకివ్వాలట. ఇవ్వమంటారా?" అని అడిగాడు.

మేము పన్నుల పండితులం కాము. మద్రసాలో సర్ఫ్, నహ్వ్ చదువుకుని పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అయినా ఆ కుర్రవాడి ప్రశ్న మమ్మల్ని వదలలేదు. పన్నే కట్టనక్కరలేని ఒక వితంతువు, తన సొమ్మును తాను వెనక్కి తెచ్చుకోవడానికి మూడోవంతు దాకా ఎవరికో ఎందుకు సమర్పించుకోవాలి? ఈ విషయమై నాలుగు చోట్ల విచారించాము. తెలిసినది మన పాఠక కుటుంబాల ముందు పెట్టడం మా బాధ్యత అని భావిస్తున్నాము.

ముందుగా అసలు సంగతి. బ్యాంకుకు ఖాతాదారు మొత్తం ఆదాయం ఎంతో తెలియదు. ఏడాది వడ్డీ ఒక హద్దు దాటితే పన్ను కోయమని మాత్రమే చట్టం దానికి చెబుతుంది. 2025 ఏప్రిల్ 1 నుండి ఆ హద్దు మామూలు ఖాతాదారులకు 50,000 రూపాయలు, 60 ఏళ్ళు నిండినవారికి లక్ష రూపాయలు. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత 10 శాతం కాదు, 20 శాతం. అయితే తన ఆదాయంపై పన్ను పడదని ఖాతాదారు ఏడాది మొదట్లోనే ఒక డిక్లరేషన్ రాసి ఇస్తే బ్యాంకు ఏమీ కోయదు. 1961 నాటి చట్టం కింద ఆ ఫారాలను 15జి, 15హెచ్ అనేవారు. 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు నిర్ణయించిన 2025 నాటి కొత్త చట్టంతో సెక్షన్ల లెక్కలు మారాయి కనుక నంబర్లు కంఠస్థం చేయనక్కరలేదు. "వడ్డీ మీద పన్ను కోయవద్దని ఇచ్చే ఫారం" అని బ్యాంకు కౌంటరులో అడిగితే చాలు. దానికి రుసుము లేదు. ఆ సోదరికి ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

కోసిన తరువాతనైనా ఆ డబ్బు పోయినట్లు కాదు. ఆ ఏడాదికి రిటర్ను దాఖలు చేస్తే ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. జీతం, పెన్షను, బ్యాంకు వడ్డీ ఉన్నవారికి గడువు సాధారణంగా జూలై 31. అది తప్పిపోతే డిసెంబరు 31 వరకు అవకాశం ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటు ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రిటర్ను దాఖలు చేయడానికి ఒక్క రూపాయి కూడా తీసుకోరు. ఎక్కడ ఎంత కోశారో చూపే 26ఏఎస్ పట్టిక, 2021 నవంబరు నుండి వచ్చిన వార్షిక సమాచార పత్రం కూడా అక్కడే ఉచితంగా దొరుకుతాయి. అయితే రెండు జాగ్రత్తలు తప్పవు. రిటర్ను పంపిన 30 రోజులలోపు ఆధార్ ఓటీపీ ద్వారానో మరో మార్గంలోనో దానిని ధ్రువీకరించాలి. లేకపోతే పంపనట్లే లెక్క. రెండవది, పాన్ ఆధార్‌తో జతపడి ఉండాలి. 2023 జూన్ 30లోగా జతచేయని పాత పాన్ కార్డులు ఆ తరువాత నిష్క్రియమయ్యాయి. అటువంటి కార్డుపై డబ్బు వాపసు రాదు. వెయ్యి రూపాయల రుసుము కట్టి జతచేసుకోవలసి వస్తుంది.

ఇక అడగవలసిన చోట్లు. రిటర్ను నింపడంలో చిక్కు వస్తే 1800 103 0025 నంబరుకు, పన్నుల గురించి సాధారణ సందేహాలుంటే 1800 180 1961 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే. లైను దొరకడానికి ఓపిక కావాలి, అంతే. ఆ శాఖ కార్యాలయాలలో ఆయకర్ సేవా కేంద్రం పేరుతో ఒక కిటికీ ఉంటుంది. అర్జీ ఇస్తే నంబరు వేసి రసీదు ఇస్తారు. మనకు గుంటూరులో శాఖ కార్యాలయం ఉంది. వాపసు రాకపోయినా, తప్పుగా పన్ను వేసినా వెబ్‌సైటులోనే ఫిర్యాదు రాయవచ్చు. 2003లో ఏర్పడిన ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్ వ్యవస్థను 2019లో రద్దు చేశారు కనుక, పాత పుస్తకాలు చూసి ఆ పేరుతో అర్జీలు రాసి కాలం వృథా చేసుకోవద్దు.

నోటీసు దాకా వచ్చి, వకీలు సాయం అవసరమైతే మరొక తలుపు ఉంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులో ఉంది. స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, కార్మికులు, నిర్ణీత ఆదాయానికి లోబడిన పేదలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులని ఆ చట్టం చెబుతుంది. కోర్టు కేసులకే కాదు, ఇతర అధికారుల ముందు జరిగే విచారణలకు, న్యాయ సలహాకు కూడా ఆ సహాయం వర్తిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. మనలో ఎందరు సోదరీమణులకు ఈ హక్కు సంగతి తెలుసు?

ఉచితంగా ఇన్ని తలుపులు ఉండగా జనం ఏజెంట్ల చుట్టూ ఎందుకు తిరుగుతున్నారు? ఇంగ్లీషు భయం ఒకటి. ఆఫీసు భయం ఒకటి. "తెలియదు" అని చెప్పుకోవడానికి సిగ్గు మరొకటి. ఈ మూడింటి మీదే కొందరి వ్యాపారం నడుస్తున్నది. న్యాయంగా పనిచేసి న్యాయమైన కూలి తీసుకునేవారిని మేము తప్పు పట్టడం లేదు. ఆడిటర్లు తమ విద్యకు తగిన ప్రతిఫలం తీసుకుంటారు. వ్యాపార లెక్కలు పెద్దవైతే వారి దగ్గరకే వెళ్ళాలి. మా అభ్యంతరం, "మీకు ఇంత వాపసు తెప్పిస్తా, నా వాటా ఇంత" అని బేరం పెట్టేవారి గురించి. అలాంటివారు జీతగాళ్ళ రిటర్నులలో కట్టని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం, లేని అప్పు రాసి వాపసు తెప్పిస్తారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇటువంటి దొంగ మినహాయింపుల పైన దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు జరిపింది. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సరిదిద్దుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులను వెనక్కి తీసుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. నోటీసు వచ్చిన రోజున ఏజెంటు ఫోన్ పలకదు. రిటర్ను మీద ఉన్న పేరు మనది. అబద్ధం ఎవరు రాసినా, మన పేరుతో వెళ్ళినది మన అబద్ధమే. తీసుకున్న సొమ్ము వడ్డీతో, జరిమానాతో కట్టవలసినదీ మనమే. ఇక ఆ డబ్బు హలాలా కాదా అన్నది ఎవరి మనస్సాక్షిని వారే అడగాలి.

మరికొన్ని అపోహలు తొలగించుకోవలసి ఉంది. పన్నెండు లక్షల వరకు పన్ను లేదన్న మాట విని రిటర్నే అక్కరలేదనుకుంటున్నవారు చాలామంది. 2025-26 నుండి కొత్త విధానంలో ఆ మేరకు రిబేటు ఉన్న మాట నిజమే. కాని ఆదాయం నాలుగు లక్షలు దాటితే రిటర్ను వేసి ఆ రిబేటు పొందాలి. ఊరకే కూర్చుంటే రాదు.

సాగర్ కుడి కాలువ కింద మిరప, పత్తి పండించే మన రైతు సోదరులకు సేద్యపు ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. అయినా గుంటూరు యార్డులో కాయలు అమ్మి తెచ్చిన నగదు ఒక ఏడాదిలో పది లక్షలో, అంతకు మించో పొదుపు ఖాతాలో వేస్తే బ్యాంకు ఆ సంగతి పన్ను శాఖకు తెలుపుతుంది. శాఖ నుండి ప్రశ్న వస్తే బెదరనక్కరలేదు. తక్‌పట్టీలు, పట్టాదారు పాసు పుస్తకం దాచుకుని ఉంటే జవాబు అందులోనే ఉంది. కొనుగోలు చేసి తిరిగి అమ్మే వ్యాపారం, ట్రాక్టరు కిరాయి మాత్రం సేద్యపు ఆదాయం కాదని గుర్తుంచుకోవాలి.

కొడుకులు గల్ఫ్‌లో ఉన్న తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. అక్కడే ఉండి పనిచేసే ప్రవాసికి అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను లేదు. అమ్మానాన్నల ఖర్చులకు అతను పంపే డబ్బు వారి ఆదాయం కాదు. కాని ఆ డబ్బును వారు తమ పేరున డిపాజిట్ చేస్తే దాని వడ్డీ వారి ఆదాయమే.

వడ్డీ విషయంలో మనలో చాలామంది దానిని ముట్టకుండా పేదలకు ఇచ్చివేస్తారు. "మేము తినలేదు కదా, లెక్క ఎందుకు చెప్పాలి?" అంటారు. ఖాతాలో జమ అయినది చట్టం దృష్టిలో ఆదాయమే. దానిని మీరు ఏం చేశారన్నది వేరే సంగతి. అలాగే జకాత్ ఇచ్చినందుకు పన్ను తగ్గదు. పాత విధానం ఎంచుకున్నవారికి, ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థకు ఇచ్చి రసీదు పొందిన విరాళానికి మాత్రమే ఆ మినహాయింపు. జకాత్ ఒక బాధ్యత, పన్ను మరొక బాధ్యత. ఒకదానిని రెండవ దాని ఖాతాలో రాయడం కుదరదు.

వాపసు పేరు చెప్పి సెల్‌ఫోనుకు వచ్చే మెసేజీలతోనూ జాగ్రత్త అవసరం. 2019 అక్టోబరు 1 నుండి శాఖ పంపే ప్రతి నోటీసు మీద ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. అది అసలుదో కాదో శాఖ వెబ్‌సైటులోనే సరిచూసుకోవచ్చు. ఓటీపీ, ఏటీఎం పిన్ అడిగే పన్ను అధికారి ఎక్కడా ఉండడు.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విప్పాయో చూడండి. అమెరికాలో 1969లోనే తక్కువ ఆదాయం గలవారికి స్వచ్ఛంద సేవకులు ఉచితంగా రిటర్నులు నింపే కార్యక్రమం మొదలైంది. కెనడాలో 1971 నుండి అటువంటిదే నడుస్తున్నది. గ్రంథాలయాలలో, సంఘ మందిరాలలో కూర్చుని శిక్షణ పొందిన మామూలు పౌరులే ఆ పని చేస్తారు. మన దేశంలోనూ 2006లో పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి, 250 రూపాయలకు మించని రుసుముతో రిటర్నులు నింపించే పథకం ప్రభుత్వం తెచ్చింది. కాని పల్లెలలో ఆ పేరు విన్నవారే అరుదు.

మరి మనం చేయగలిగినది ఏమిటి? నకరికల్లులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ బీకాం చదివిన పిల్లలున్నారు. వారు రోజూ సెల్‌ఫోను మీద వేళ్ళు ఆడిస్తూనే ఉన్నారు. జూన్, జూలై నెలలలో వారానికొక సాయంత్రం, అసర్ నమాజు తరువాత, మస్జిదు వరండాలోనో మద్రసా గదిలోనో ఒక బల్ల వేసుకుని కూర్చోమందాం. ఏ మతం వారు వచ్చినా సాయం చేయమందాం. నియమాలు నాలుగే. డబ్బు తీసుకోకూడదు. ఎవరి పాస్‌వర్డూ దగ్గర ఉంచుకోకూడదు. లేనిది రాయకూడదు. తెలియనిది తెలియదని చెప్పి, ఉచిత నంబరుకు ఫోన్ కలిపి ఇవ్వాలి. ఒకరి ఆదాయం వివరాలు అమానత్ అని, వాటిని బజారులో మాట్లాడరాదని ఆ పిల్లలకు పెద్దలు చెప్పాలి. దీనికి చందాలు అక్కరలేదు, సభలు అక్కరలేదు.

ఆ కుర్రవాడికి మేము ఇచ్చిన జవాబు ఒక్కటే: "రెండు వేలు ఇవ్వవద్దు, రెండు సాయంత్రాలు ఇవ్వు." అతను ఇంటర్ దాకా చదివాడు. మొదటి సాయంత్రం పాన్, ఆధార్ జతపడి ఉన్నాయో లేదో చూడడంతోనే గడిచింది. రెండవ సాయంత్రం, ఉచిత నంబరుకు మూడుసార్లు ఫోన్ చేసి, అమ్మ రిటర్ను పంపి, ధ్రువీకరించాడు. కొద్ది వారాలకు 6,300 రూపాయలు ఆమె ఖాతాలోకే వచ్చాయి. మరుసటి ఏప్రిల్‌లో ఆమె స్వయంగా బ్యాంకుకు వెళ్ళి డిక్లరేషన్ ఇచ్చి వచ్చింది. ఇప్పుడు వాళ్ళ వీధిలోని ఒక పెన్షనర్ కాగితాలు కూడా ఆ కుర్రవాడే చూస్తున్నాడు.

ఇటువంటి పిల్లవాడు ప్రతి ఊరిలోనూ ఉంటాడు. అతనిని కూర్చోబెట్టి అడిగే పెద్దలే కావాలి.