పన్నుతోపాటు ఎముకా పోతుంది

పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరేయడం మీలో చాలామంది చేసే వుంటారు. దానివల్ల నష్టం లేదు. కింద మరో పన్ను సిద్ధంగా వుంటుంది. కాని, ఎనిమిదో తరగతిలో కబడ్డీ ఆడుతూ పడి, పాలపన్ను తరువాత వచ్చిన పన్నే ఊడగొట్టుకుంటే? "ఏముంది, దవడలో మర బిగించి కొత్త పన్ను పెడుతున్నారుగా! ఎముక చాలకపోతే అదీ పెంచుతున్నారుగా!" అంటారు కొందరు. ఇంత ధీమా పనికిరాదని నా అభిప్రాయం.

ఎముక అంటే గోడలో రాయిలాంటిదనుకుంటున్నారా? కాదు, అది సజీవమైనది. దానిలో ఒకరకం కణాలు పాత ఎముకను కరిగిస్తూ వుంటే, మరొకరకం కణాలు కొత్త ఎముకను కడుతూ వుంటాయి. మనం నమిలినప్పుడల్లా పంటి వేరు చుట్టూ వున్న సన్నని నారల ద్వారా ఆ ఒత్తిడి దవడ ఎముకకు చేరుతుంది. పన్ను పోయిందంటే ఆ ఎముకకు పని పోయినట్టే. ఇక కరిగించే కణాలదే పైచేయి! పన్ను పోయినచోట ఎముక గట్టు వెడల్పు మొదటి సంవత్సరంలోనే సగందాకా తరిగిపోవచ్చు. అందులోనూ ఎక్కువభాగం తరిగేది మొదటి మూడు నెలల్లోనే.

1952లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి టైటానియం గొట్టాన్ని అమర్చాడు. తరువాత తీయబోతే రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది! ఆ సంగతి ఆధారంగానే 1965లో ఆయన మొదటిసారి మనిషి దవడలో టైటానియం మరలు బిగించి పళ్ళు అమర్చాడు. అయితే మర నిలబడాలంటే చుట్టూ తగినంత ఎముక వుండాలి. లేకపోతే ముందు ఎముకను పెంచాలి.

ఎలా పెంచుతారు? రోగి గడ్డం నుంచో, తుంటి నుంచో కొంత ఎముక తీసి పెడతారు. లేదా శుద్ధిచేసిన పశువుల ఎముక పొడినో, కాల్షియం ఫాస్ఫేటు గుళికలనో నింపుతారు. సిమెంటు పూసినట్టు కాదు సుమా! బీరపాదుకు పందిరి వేసినట్టు. పందిరి వైద్యుడు వేస్తాడు, అల్లుకోవలసిన తీగ మీ సొంత కణాలే. ఇక్కడొక చిక్కు వుంది. ఎముక కణాలకన్నా చిగురు కణాలు త్వరగా పెరిగి ఆ చోటంతా ఆక్రమించేస్తాయి. అందుకే మధ్యలో పలుచని పొర అడ్డుపెడతారు. కొత్త ఎముక గట్టిపడడానికి సాధారణంగా నాలుగునుంచి తొమ్మిది నెలలు పడుతుంది. పొగతాగేవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో అసలు కుదురుకోకపోవచ్చు కూడా.

ఇంత అద్భుతమైన చికిత్స వుండికూడా మీ వయసువారికి వెంటనే పనికిరాదు. మీ దవడ ఇంకా పెరుగుతోంది. పెరిగే దవడతోపాటు పక్కపళ్ళు కదులుతాయిగాని ఎముకకు అతుక్కుపోయిన మర కదలదు. కొన్నేళ్ళకు ఆ పన్ను గుంటలో దిగినట్టు కనిపిస్తుంది. అందుకని ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగమంటారు. పదమూడేళ్ళప్పుడు పన్ను పోతే, ఆగిన ఆ ఐదారేళ్ళూ ఎముక తరుగుతూనే వుంటుంది!

కాబట్టి ఊడిన పన్నును పారేయకండి. వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకోండి. మట్టి అంటితే మంచినీళ్ళతో ఒక్కసారి కడగండి, రుద్దవద్దు. దాని గుంటలోనే తిరిగి పెట్టి, శుభ్రమైన గుడ్డను కరచిపట్టుకోండి. అలా పెట్టలేకపోతే పాలలో వేసి దంతవైద్యుని దగ్గరకు పరుగెత్తండి. వేరుమీది కణాలు ఎండితే చచ్చిపోతాయి; అరగంటలో వెళ్ళగలిగితే మేలు, గంట దాటితే ఆశ తగ్గుతుంది. ఇలా నిలిచిన పన్ను కొన్నేళ్ళకు పాడైనా, చాలాసార్లు అంతవరకు ఎముకను కాపాడుతుంది.

ఆటస్థలమున్న ప్రతి పాఠశాలలోనూ ఈ నాలుగు మాటలు గోడమీద రాసి వుంచాలంటాను. టింక్చరు సీసా దగ్గరైతే మరీ మంచిది. మీ తమ్ముడి పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకండి, కింద వున్న పన్ను దెబ్బతింటుంది.