ముందు నీళ్ళు, తర్వాతే మందు

అమెరికాలో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళలో చేపల తొట్టి కనబడడం వింతేమీ కాదు. కుక్కంటే అపార్ట్‌మెంటు వాళ్ళు ఒప్పుకోరు, పిల్లంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. పిల్లలు అడగ్గా అడగ్గా చివరికి అందరూ రాజీపడేది చేపల దగ్గర. శనివారం తొట్టి కొంటారు, సాయంత్రానికి నీళ్ళు నింపుతారు, ఆదివారం అరడజను నియాన్ టెట్రాలు తెస్తారు. బుధవారానికి ఒక చేప మూల నక్కి మేత ముట్టదు. గురువారం ఆఫీసు నుంచి వస్తూ వస్తూ రెండు రకాల మందు సీసాలు పట్టుకొస్తారు. పై ఆదివారానికి తొట్టి ఖాళీ అవుతుంది. పిల్లలకి ఏం చెప్పాలో తెలియక, "దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది" అని చెబుతారు.

చేపలు చావడం ఒక ఎత్తు. అవి ఎందుకు చచ్చాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం మరో ఎత్తు. కారణం తెలియనప్పుడు తర్వాత తెచ్చిన అరడజనుకీ అదే గతి పడుతుంది. అందుకే ఈ నెల ఈ శీర్షికలో కంప్యూటర్లని కాసేపు పక్కనపెట్టి ఈ గొడవ ఎత్తుకున్నాను. నా వాదన ఒక్క ముక్కలో చెప్పాలంటే, కొత్త చేపకి మందు వెయ్యడం చివరి మెట్టు కావాలి. మనం దాన్ని మొదటి మెట్టు చేసుకున్నాం.

నిజానికి ఇది మనకి తెలియని విద్య కాదు. ఆఫీసులో అర్ధరాత్రి సర్వర్ పడిపోయిందనుకోండి. కొత్తగా చేరిన కుర్రాడు లాగ్ ఫైలు తెరవకుండా నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చేస్తే మనం ఊరుకుంటామా? "ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఇప్పుడెలా తెలుస్తుంది నాయనా?" అని తల పట్టుకుంటాం. అదే మనం ఇంటికొచ్చి తొట్టిలో రెండు మందులు ఒకేసారి ఒంపేస్తాం!

ఒకరికా, అందరికా?

హెల్ప్‌డెస్క్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న గుర్తుందా? "ఈ ఇబ్బంది మీ ఒక్కరికేనా, అందరికీనా?" అని. చేపల దగ్గరా అదే అడగాలి. ఉన్న చేపలన్నీ ఒకేసారి పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం అల్లాడుతుంటే ముందు నీళ్ళని అనుమానించాలి. ఒక చేపకి మొదలై, రెండు మూడు రోజుల్లో రెండోదానికి, మూడోదానికి పాకుతుంటే అప్పుడు అంటుజబ్బుని అనుమానించాలి. ఇది బ్రహ్మసూత్రం కాదు గానీ, మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

నీళ్ళని ఎందుకు అనుమానించాలి? చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే. దాన్ని ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గా, మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది కొంత మోతాదు వరకు ఫరవాలేదు. ఈ బాక్టీరియా ఫిల్టర్లో, గులకరాళ్ళ మీద పాతుకుని పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే శనివారం నింపిన తొట్టిలో ఆదివారం చేపలు వదిలితే, మురుగు కాలవలు వెయ్యని కాలనీలో సంసారం పెట్టించినట్టే. ఆ చేప నీరసంగా ఉందని బాక్టీరియాని చంపే మందు పోస్తే, అప్పుడప్పుడే మొలకెత్తుతున్న మంచి బాక్టీరియా కూడా పోతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు!

అందుకని మందు సీసాకంటే ముందు కొనాల్సింది నీటి పరీక్ష కిట్టు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. లేకపోతే మొదటి వైద్యం నీళ్ళు కొంత మార్చడం. నైట్రైట్ రక్తంలోకి చేరి ఆక్సిజన్ మొయ్యనివ్వకుండా చేస్తుంది. దానికి మామూలు ఉప్పు కూడా ఆసరా అవుతుంది, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డుపడుతుంది. మంచినీటి చేపల్లో చాలా జాతులు లీటరుకి ఒక గ్రాము ఉప్పుని తట్టుకుంటాయి.

ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. మన ఊళ్ళలో కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి రాత్రంతా వదిలేస్తే క్లోరిన్ ఎగిరిపోతుందని పెద్దలు నేర్పారు. క్లోరిన్‌కి అది నిజమే. కానీ అమెరికాలో చాలా నగరాలు క్లోరిన్ బదులు క్లోరమీన్ వాడుతున్నాయి. వాషింగ్టన్ డీ.సీ. 2000లో, శాన్ ఫ్రాన్సిస్కో 2004లో దానికి మారాయి. క్లోరమీన్ రాత్రికి రాత్రి ఎగిరిపోయే రకం కాదు. పైగా అది విరిగినప్పుడు అమ్మోనియా మిగులుతుంది. మీ ఊరి నీటి సంస్థ ఏది వాడుతోందో వాళ్ళ వార్షిక నివేదికలో ఉంటుంది. చూసి, దానికి తగ్గ నీటి శుద్ధి ద్రావణం వాడండి.

సంచిలో దాగిన రసాయనం

దుకాణం నుంచి వచ్చిన సంచీ సంగతి కూడా చూద్దాం. గంటల తరబడి మూసి ఉన్న సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడు నీటిని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లత్వమే చేపని కాపాడుతుంది. అమ్మోనియా పేరుకున్నా, అది తక్కువ హాని చేసే అమ్మోనియం రూపంలో ఉండిపోతుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడు బయటికి పోయి పీ.హెచ్. పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీ.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 8 అయితే 5 వంతులు దాటుతుంది.

కాబట్టి పొరుగు రాష్ట్రం నుంచి పార్శిల్లో వచ్చిన చేపని, "అలవాటు పడనీ పాపం" అని సంచి విప్పి గంటలకొద్దీ అదే నీళ్ళలో ఉంచడం జాలి కాదు, శిక్ష. మూసిన సంచీనే తొట్టిలో తేల్చి వేడి సమం చెయ్యండి. విప్పిన తర్వాత ఆలస్యం చెయ్యకుండా చేపని మాత్రం లోపలికి మార్చి, సంచిలో నీళ్ళు పారబొయ్యండి. ఇరుగుపొరుగు దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన చేపకి ఇంత ప్రమాదం ఉండదు. కానీ ఆ నీళ్ళు తొట్టిలో పొయ్యకపోవడం మాత్రం ఎప్పుడూ మంచిదే.

మచ్చ మాయమైతే జబ్బు తగ్గినట్టేనా?

నీళ్ళు బాగానే ఉన్నాయి, అయినా చేప ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్ల చుక్కలు ఉన్నాయనుకుందాం. ఇది తెల్లమచ్చ జబ్బు. అమెరికన్లు ముద్దుగా 'ఇక్' అంటారు. దీనికి కారణం ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. ఇది చేప చర్మం కింద పెరిగి, ముదిరాక రాలి అడుగుకి చేరి, చుట్టూ గూడు కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ వెళ్ళి ఒకటి రెండు రోజుల్లో మరో చేపని పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఈ ఈదే దశ మీద మాత్రమే. చర్మం కింద ఉన్నదాన్నీ, గూటిలో ఉన్నదాన్నీ అది తాకలేదు.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మందు వేసిన రెండు మూడు రోజులకి చుక్కలు మాయమవుతాయి. "భలే మందు!" అనుకుని ఆపేస్తాం. నిజానికి ఆ చుక్కలు మందు వెయ్యకపోయినా రాలేవే. వారం తిరక్కుండానే ఈసారి చేపలన్నిటికీ వందల చుక్కలు. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ని రీస్టార్ట్ చేసి "బగ్గు పోయింది" అని టికెట్ మూసెయ్యడం లాంటిది. 25 డిగ్రీల నీళ్ళలో ఈ చక్రం సుమారు వారంలో తిరుగుతుంది, చల్లటి నీళ్ళలో వారాలు పడుతుంది. అందుకే సీసా మీద రాసిన వ్యవధి పూర్తిగా వాడాలి, చివరి చుక్క పోయాక కూడా కొన్నాళ్ళు కొనసాగించాలి.

నీళ్ళ వేడి పెంచితే ఈ చక్రం తొందరగా తిరిగి వైద్యం త్వరగా ముగుస్తుందని చాలామంది సలహా ఇస్తారు. తెల్లమచ్చకి అది సబబే. కానీ మూతి చుట్టూ దూదిలాగానో, వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన పట్టీలాగానో కనబడితే అది కాలమ్నారిస్ అనే బాక్టీరియా జబ్బు కావచ్చు. చూడ్డానికి బూజులా ఉంటుంది గానీ బూజు కాదు. వేడి పెంచితే అది ఇంకా చెలరేగి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. ఒకదానికి వైద్యమైనది మరోదానికి ఆజ్యం! పైగా వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, కాబట్టి వేడి పెంచినప్పుడల్లా గాలి పంపు ఉండాలి. సన్నటి బంగారు పొడి అద్దినట్టుంటే వెల్వెట్ అనే మరో పరాన్నజీవి. చీకట్లో టార్చిలైటు ఏటవాలుగా వేసి చూస్తే తెలుస్తుంది. మలద్వారం దగ్గర ఎర్రటి దారాలు వేలాడితే కెమల్లానస్ నులిపురుగులు. వీటిలో ఏ రెండింటికీ వైద్యం సరిగ్గా ఒకటి కాదు.

పేరు విని మందు వెయ్యకూడదనడానికి మన కోస్తావాళ్ళకి ఉదాహరణ అక్కర్లేదు. 1994-95 ప్రాంతంలో టైగర్ రొయ్యల చెరువుల్ని ఊడ్చిపెట్టిన జబ్బు పేరు కూడా తెల్లమచ్చే. కానీ అది వైరస్, దానికి మందు లేదు. పేరొకటే, రోగాలు వేరు.

గ్యాలన్ల గొడవ

మోతాదు మాటకొస్తే, 1999లో అంగారకుడి దగ్గర పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక బృందం బ్రిటిష్ కొలతల్లో, ఇంకో బృందం మెట్రిక్‌లో లెక్క కట్టారు. చేపల మందుల్లోనూ ఈ ప్రమాదం ఉంది. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు. అంటే అయిదో వంతు తేడా. పైగా పది గ్యాలన్ల తొట్టి అని రాసి ఉన్నా, రాళ్ళు, బొమ్మలు, పైన వదిలిన ఖాళీ పోను లోపలి నీళ్ళు అంతకి తక్కువే. నింపేటప్పుడే ఎన్ని లీటర్లు పోశారో లెక్కపెట్టి తొట్టి వెనక ఒక చీటీ మీద రాసి అంటించండి. మందు వేసేటప్పుడు ఫిల్టర్లో బొగ్గు ఉంటే తీసెయ్యండి, అది మందుని పీల్చేస్తుంది. రాగి కలిసిన మందైతే రొయ్యపిల్లలు, నత్తలు బతకవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

నాలుగు వారాల నిరీక్షణ

ఇన్ని తంటాల్లో చాలావాటికి ఒకటే విరుగుడు. కొత్త చేపని నేరుగా పెద్ద తొట్టిలో వదలకుండా, చిన్న తొట్టిలో నాలుగు వారాలు విడిగా ఉంచడం. ప్రొడక్షన్‌లోకి వెళ్ళేముందు టెస్ట్ సర్వర్ మీద నడిపి చూడడం అన్నమాట. పది గ్యాలన్ల తొట్టి, స్పాంజి ఫిల్టరు, చిన్న హీటరు, దాక్కోవడానికి ఒక పైపు ముక్క చాలు. ఆ స్పాంజిని ముందే పెద్ద తొట్టిలో కొన్ని వారాలు ఉంచితే మంచి బాక్టీరియా సిద్ధంగా ఉంటుంది. వల, గొట్టం దీనికి వేరే పెట్టుకోండి. రోజూ ఒక వాక్యం నోటుబుక్కులో రాయండి. తిన్నదా, ఊపిరి వేగం ఎలా ఉంది, నీటి పరీక్షలో ఏం తేలింది. జబ్బు బయటపడితే అక్కడే వైద్యం, ఒక్కసారికి ఒక్క మందు.

"మూడు డాలర్ల చేపకి ఇంత ఆర్భాటమా?" అని అడిగేవాళ్ళుంటారు. చాలా దుకాణాల్లో తొట్లన్నిటికీ ఒకే నీళ్ళు తిరుగుతుంటాయి. మీరు కొన్న మూడు డాలర్ల చేప పక్క తొట్టిలోని జబ్బుని కూడా మోసుకొస్తుంది, మీ తొట్టిలో ఏళ్ళుగా పెరుగుతున్నవాటి మీదికి. ఈ లెక్క మన రొయ్యల రైతులకీ ప్రభుత్వానికీ ఎప్పుడో తెలిసింది. 2009లో వనామీ రొయ్యని దేశంలోకి అనుమతించినప్పుడు, దిగుమతయ్యే తల్లి రొయ్యలు ముందు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి పరీక్షలు దాటాకే హేచరీలకి వెళ్ళాలని నియమం పెట్టారు. తెల్లమచ్చ దెబ్బ తిన్నవాళ్ళు నేర్చుకున్న పాఠం అది.

రెండో అభ్యంతరం, "ఏ జబ్బో తెలియకపోతే అన్నిటికీ కలిపి ఒక యాంటీబయాటిక్ వేస్తే సరిపోదా?" అని. సరిపోదు. పరాన్నజీవి మీద అది పనిచెయ్యదు, ఫిల్టర్లోని మేలు చేసే బాక్టీరియాని దెబ్బతీయవచ్చు. మందుకి లొంగని బాక్టీరియాని మన ఇంట్లోనే పెంచినట్టవుతుంది. చేపలకని చెప్పి ఆమోదం లేని యాంటీబయాటిక్స్ అమ్ముతున్నందుకు అమెరికాలో ఎఫ్.డి.ఏ. 2023 డిసెంబరులో తొమ్మిది సంస్థలకి హెచ్చరిక లేఖలు పంపింది. బ్రిటన్‌లో పశువైద్యుడి చీటీ లేకుండా అవి దొరకవు. ఈ కట్టుదిట్టం కొంతమందికి కోపం తెప్పించింది. నాకు మాత్రం ఇది సబబుగానే తోస్తుంది. చేపల్ని చూసే పశువైద్యులు కొందరైనా ఉన్నారు. ఖరీదైన చేపలున్నవాళ్ళు వాళ్ళ నంబరు అవసరం రాకముందే సంపాదించి పెట్టుకోవడం మంచిది.

అన్నీ చేసినా కొన్ని చేపలు దక్కవు. నియాన్ టెట్రా జబ్బు లాంటివాటికి నమ్మదగిన మందు లేదు. ఆ చేపని విడిగా ఉంచి మిగతావాటిని కాపాడుకోవడమే అప్పుడు వైద్యం. ఆ మాట పిల్లలకి కూడా ఉన్నదున్నట్టు చెప్పవచ్చు. వాళ్ళ చేతికే పరీక్ష కిట్టు, నోటుబుక్కు ఇచ్చి చూడండి. రంగు మారిన గొట్టం పట్టుకుని, "నాన్నా, ఇవాళ అమ్మోనియా ఉంది, నీళ్ళు మార్చాలి" అని వాళ్ళే చెబుతారు. చూసి, కొలిచి, ఆ తర్వాతే చెయ్యి చేసుకోవడం అనే అలవాటు వాళ్ళకి అబ్బితే, రేపు వాళ్ళు సాఫ్ట్‌వేర్లోకి వచ్చినా, డాక్టర్లయినా పనికొస్తుంది.