త్రాగువాని మఱపు అబద్ధము కాదు

ఒకనాఁటి సంక్రాంతి వెళ్లిన పిమ్మట మా రెడ్డిగూడెములో నొక యిల్లాలు మాయింటికి వచ్చి కన్నీరు పెట్టుకొనెను. ఆమె భర్త మామిడితోఁటలు కౌలునకుఁ దీసికొనువాఁడు. ఇరువదియేండ్లుగా త్రాగుడునకు లోఁబడినవాఁడు. "అక్కయ్యగారూ! త్రాగినను, తిట్టినను ఇన్నాళ్లు ఓర్చుకొంటిని. ఇప్పుడు అబద్ధములు నేర్చినారు. ఒకే తోఁటకు ఇద్దఱు వర్తకులయొద్ద బయానా పుచ్చుకొని, మొదటిది తీసికొననేలేదని ఒట్టు పెట్టుకొనుచున్నారు. నిన్న పెనుగంచిప్రోలు పోయి తిరుపతమ్మతల్లికి మ్రొక్కు చెల్లించి వచ్చితి నన్నారు. వారము దినములుగా అరుగు దిగలేదు!" అని యామె వాపోయెను. అత్తగారు గాలి సోఁకిన దనిరి. బావగారు మోస మనిరి. ఊరివారు నవ్విరి.

అది గాలియుఁ గాదు, మోసమును గాదు. మెదడునకు వచ్చిన రోగము. దీనిని గుఱించి ప్రతి గృహిణియుఁ దెలిసికొనవలసినది కొంత గలదు.

మన యాహారములో థయామిను, అనఁగా బి-1 విటమిను, అను పదార్థ మొకటి యున్నది. మనము తిన్న పిండిపదార్థము మెదడునకు శక్తిగా మాఱుటకు అది యావశ్యకము. దేహములో దాని నిలువ కొలఁది వారములకే సరిపోవును. త్రాగువాఁడు అన్నము సరిగాఁ దినఁడు. తిన్నను, మద్యము ప్రేగులను చెఱచుటచే ఆ పదార్థము ఒంటఁబట్టదు. నిలువ తఱుగఁగనే మెదడులో జ్ఞాపకమునకు స్థానములైన భాగములు దెబ్బతినును.

మొదట కనుగ్రుడ్లు నిలుకడ లేక యాడును. ఒకటి రెండుగాఁ గనఁబడును. త్రాగని వేళఁ గూడ నడక తూలును. మనస్సు తికమక పడును. ఈ లక్షణములను 1881లో వెర్నికె యను జర్మను వైద్యుఁడు ముగ్గురు రోగులయందుఁ గనుఁగొని వ్రాసెను. వారిలో ఇద్దఱు త్రాగువారు. మూఁడవది గంధకామ్లము మ్రింగి, వాంతులతోఁ గృశించిన స్త్రీ. కాఁబట్టి వేవిళ్ల వాంతులు వారములతరబడి నిలువని గర్భిణికిఁ గూడ ఈ యపాయము రావచ్చును. లక్షణము లన్నియు ఒక్కమాఱే కనఁబడునని వేచియుండరాదు. ఒక్కటి కనఁబడినను వైద్యునియొద్దకుఁ బోవలెను.

ఉపేక్షించినచో రెండవదశ వచ్చును. దీనిని 1887లో రష్యాదేశపు వైద్యుఁడు కోర్సకాఫ్ వర్ణించెను. ఇరువది యేండ్లనాఁటి పెండ్లిముచ్చట చెప్పఁగలవాఁడు, ప్రొద్దున నేమి తిన్నాఁడో చెప్పలేఁడు. ఆ ఖాళీని మనస్సు తనకుఁ దానే కల్పనతోఁ బూరించుకొనును. చెప్పువానికి అది కల్పన యని తెలియదు. తిరుపతమ్మ మ్రొక్కు కథ యిట్టిదే.

చికిత్స యేమందురా? థయామినును సూదిమందుగా, పెద్ద మోతాదులో, వెంటనే యియ్యవలెను. మొదట మాత్రలు చాలవు. ప్రేగులు పుచ్చుకొనవు గదా! నీరసముగా నున్నాఁడని గ్లూకోసు సీసా యెక్కించుట మన యూళ్లలో వాడుక. థయామిను లేక గ్లూకోసు మాత్రమే యెక్కించినచో ఉన్న కొంచెము నిలువయు ఖర్చయి, రోగము ముదురవచ్చును. త్రాగుడు సంగతి దాఁచక, "అయ్యా! థయామిను ఇచ్చితిరా?" యని మీరే యడుగుఁడు. సిగ్గుపడి దాఁచిన యా ఒక్కమాట ప్రాణముమీఁదికి వచ్చును.

మఱియొక హెచ్చరిక. చాలకాలము త్రాగినవానిచే ఇంటనే యొక్కసారిగా మాన్పింపరాదు. రెండు మూఁడు దినములలో వణఁకు, మూర్ఛలు, సంధి ప్రేలాపన వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆసుపత్రిలో వైద్యుల కనిపెట్టున మాన్పింపవలెను.

పిమ్మట ఫలమెట్లుండును? కొందఱు బాగుగాఁ గోలుకొందురు, పెక్కురు కొంతవఱకే, కొందఱికి ఏమియు మాఱదు. మెఱుగు నెలలతరబడి, ఒక్కొకప్పుడు రెండేండ్లవఱకు, మెల్లగా వచ్చును. మరల త్రాగినచో వచ్చినదియుఁ బోవును.

ఇంటిలో మనము చేయఁదగినది గలదు. కల్పన చెప్పినప్పుడు వాదింపక, జరిగినది నెమ్మదిగాఁ జెప్పుఁడు. వస్తువుల నెప్పుడు నొక్కచోటనే యుంచుఁడు. గోడకు క్యాలెండరు, చేతికొక పుస్తకము నిండు. డబ్బును, దస్తావేజులను ఆయనకు విడువకుఁడు. దంపుడుబియ్యము, ఉప్పుడుబియ్యము, పప్పులు, వేరుసెనగలు, నువ్వులు పెట్టుఁడు. బియ్యము పలుమాఱులు కడిగి, గంజి వార్చి పాఱఁబోసినచో ఆ విటమిను నీటితోఁ బోవును.

1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాదుకాణము మూయించిరి. ఆ యుద్యమఫలముగా 1993 అక్టోబరు 1వ తేదీ మొదలు రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయెను. చట్టము వచ్చును, పోవును; దెబ్బతిన్న మెదడు మాత్రము ఇంటిలోనే మిగులును. కాఁబట్టి త్రాగుడు వలదనుటతోఁ బాటు రోగమును గుర్తెఱుఁగుటయు మన పనియే. త్రాగుడు మాన్పించుటకు 14446, మనస్సునకు సంబంధించిన వ్యాధులకు 14416 అను ప్రభుత్వపు టెలిఫోను సంఖ్యలు గలవు, ఉచితముగా మాటాడవచ్చును.

ఆ యిల్లాలు భర్తను విజయవాడ తీసికొనిపోయి చికిత్స చేయించెను. కండ్లు నిలిచినవి, నడక కుదిరినది. మామిడి అంటు కట్టు చేతులు తమ పని మఱువలేదు. జ్ఞాపకము మాత్రము సగమే వచ్చినది. రెండవ వర్తకుని బయానా ఆమెయే తిరిగి యిచ్చి, మఱఁదికి రోగము సంగతి తెలిపి, ఊరివారి నవ్వు మాన్పించెను. నేఁడును ఆయన, "తిరుపతమ్మ మ్రొక్కు తీఱినదా?" యని యడుగుచుండును. ఆమె కోపగింపక పుస్తకము తెఱచి చూపును. "అబద్ధము కాదని తెలిసినది మొదలు నాకు ఆయనపై కసి పోయినది, అక్కయ్యగారూ!" అని యామె మాతో ననెను.