బడికి కవి పేరు పెడితే

హంగరీలో ఏళ్లనాటి ఉన్నత పాఠశాలలకు పెటోఫీ, వొరోష్‌మార్తి లాంటి కవుల పేర్లు మామూలు. మన దగ్గర ఆ గౌరవం బడి దాకా దిగదు, యూనివర్సిటీల దగ్గరే ఆగిపోతుంది: రాజమండ్రికి నన్నయ, కడపకు వేమన. 2022లో విజయనగరం జేఎన్‌టీయూకు గురజాడ పేరు చేర్చారు గానీ, పిలిచేటప్పుడు అందరూ జీవీ అనేస్తారు. మహాకవి ‘జీ’ అనే ఒక్క అక్షరానికి దిగిపోయాడు! అసలు ఆయన చదివిందీ పాఠాలు చెప్పిందీ 1857లో మొదలైన విజయనగరం మహారాజా వారి విద్యాసంస్థల్లో. అక్కడ బోర్డు మీద పేరు రాజుది. డబ్బు పెట్టినవాడి పేరు పెట్టుకోవడంలో తప్పేం లేదు, కాదనను. కానీ పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో ఏ దాత పేరూ లేక వట్టి జిల్లా పరిషత్ హైస్కూలుగా మిగిలినవి ఎన్ని లేవు? వాటికి కవుల పేర్లు పెట్టడానికి ఖర్చేముంది, కొత్త బోర్డూ కాస్త రంగూ తప్ప! జముకుల కథతో ఈ ప్రాంతాన్ని కదిలించి 1969లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నక్సలైట్ కవి సుబ్బారావు పాణిగ్రాహి పేరు ఏ ప్రభుత్వమూ పెట్టదు, అది తెలిసిందే. గురజాడ సహాధ్యాయి గిడుగు రామమూర్తికి ఆ చిక్కు లేదు. కవి కాకపోయినా శ్రీముఖలింగం దగ్గర పుట్టినవాడు, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరిన పంతులు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించినవాడు. ముందు టెక్కలిలో ఒక బడికి ఆయన పేరు పెట్టండి. పెట్టాక అక్కడి లైబ్రరీ బీరువా తాళం మాత్రం పిల్లలకివ్వండి.