పగడము రాయి కాదు

ముప్పది సంవత్సరములుగా ప్రబంధములు పాఠము చెప్పుచున్నవాడను. నాయిక పెదవికి పగడము ఉపమానమని ఎన్ని తరగతులలో చెప్పితినో లెక్క లేదు. నగలలోని ఎఱ్ఱ పగడము ప్రధానముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చునది. దానిని పుట్టినచోట చూచు భాగ్యము నాకు లేదు. దాని జ్ఞాతులను మాత్రము గడచిన మాఘమాసమున అండమాను దీవులలో చూచితిని. చూచితిననుటకంటె తొక్కితిననుట నిజము. ఆ సంగతియే ఇక్కడ చెప్పదలచినాను.

పూర్వము హేవ్‌లాక్ అను పేరుండి, 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీపమైన దీవికి సకుటుంబముగా వెళ్లితిమి. అక్కడి రేవునుండి ఎలిఫెంట్ బీచి అను తీరమునకు చిన్న మోటారు పడవలో కొద్దిసేపటి ప్రయాణము. తీరమున మహావృక్షములు కూకటివ్రేళ్లతో కూలి, ఎండి, ఎముకలవలె తెల్లబారియున్నవి. మమ్ము నీటిలోనికి తీసికొనిపోవలసిన యువకుడు మా మాటలు విని, "ఏ ఊరండీ మీది?" అని తెలుగున పలుకరించెను. వారి తాతగారు శ్రీకాకుళపు తీరమునుండి చేపలవేటకై వచ్చి అక్కడనే నిలిచిపోయిరట. అట్టి తెలుగు కుటుంబములు ఆ దీవులలో అనేకము కలవు.

స్నార్కెలింగ్ అనగా పెద్ద విద్య యేమియు కాదు. కన్నులను ముక్కును కప్పు అద్దపు తొడుగొకటి, నోట కఱచుకొను వంపు గొట్టమొకటి. ముఖము నీటిలో ఉంచి పైపైని తేలుచు క్రిందికి చూచుటయే. "ముక్కు సంగతి మరిచిపోండి మాస్టారూ. నోటితోనే పీల్చాలి, నోటితోనే వదలాలి. ఏం జరిగినా కాళ్లు మాత్రం కింద పెట్టకండి" అని ఆ అబ్బాయి మూడు మారులు చెప్పెను. చెప్పినది వినరని విద్యార్థులపై విసుగుకొనుట నా వృత్తిలో భాగము. ఆనాడు వినని విద్యార్థిని నేనే.

కొన్ని నిమిషములు చూచినది మఱువరానిది. కొమ్మలు సాచిన దుప్పి కొమ్ములవంటివి, మడతలు పడిన మెదడువంటివి, బోర్లించిన గంపలవంటివి. వాని సందులలో పసుపు నీలము చారల చేపలు గుంపుగా తిరిగి, గుంపుగానే మాయమగుచున్నవి. ఆనందమున నోరు కదలించితిని కాబోలు, గొట్టములోనికి ఉప్పునీరు వచ్చినది. ఊపిరి ఆడక, భయమున, లేచి నిలువబడితిని. అరికాలి క్రింద ఏదో అప్పడమువలె పెళుసుగా విరిగినది. చెవికి వినబడలేదు, కాలికి తెలిసినది. ఆ అబ్బాయి నా చంకలలో చేతులు వేసి పైకెత్తి, కోపము లేకుండ, "మాస్టారూ, అది రాయి కాదండీ. దానికి ప్రాణముంది" అనెను.

భయమున తొక్కితినని సరిపెట్టుకొనవచ్చును. కాని ఆలోచించినకొలది వేఱొక కారణము కనబడుచున్నది. నా బుద్ధిలో అది రాయియే. అమరకోశము విద్రుమమును, ప్రవాళమును రత్నముల సరసన చేర్చినది. మనము నవరత్నములలో లెక్కించితిమి. విద్రుమములో ద్రుమశబ్దము వినబడుచునే యున్నది, ప్రవాళమునకు చిగురను అర్థమును కలదు. ఐరోపా పండితులును చాలకాలము దీనిని మొక్క యనియే తలచిరి. పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు 18వ శతాబ్ది పూర్వభాగమున ఇది జంతువని చెప్పగా, పారిస్ పండితులు వెంటనే అంగీకరింపలేదు. ప్రాచీనులు ఎఱుగకపోవుట తప్పు కాదు. ఎఱిగిన కాలమున ఎఱుగనట్లు పాఠము చెప్పుచుండుట తప్పు.

ఆవగింజంత మొదలు వ్రేలిగోరంత వరకు ఉండు మెత్తని ప్రాణులు అసంఖ్యాకముగా ఒకచోట చేరి, సముద్రజలమునందలి సున్నమును గ్రహించి తమ క్రింద తామే గూళ్లు కట్టుకొనును. అదియే పగడపు దిబ్బ. కంటికి కనబడని నాచుజాతి జీవులు వాని దేహములలో కాపురముండి, ఎండతో ఆహారము వండి ఇంటివారికి వాటా పెట్టును. దిబ్బకు గల రంగు చాలవఱకు ఈ అద్దెవారిదే. వేసవిలో నీటి వేడిమి మామూలుకంటె ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారములు నిలిచెనా, కాపురము చెడును. నాచు వెడలిపోవును, పగడము తెల్లబోవును. 2010 వేసవిలో అండమానులో విస్తారముగా జరిగినది ఇదియే. తెల్లబోవుట అను మన జాతీయమునకు ఇంతకంటె విషాదార్థము నాకు దొరకలేదు. నీరు త్వరగా చల్లబడినచో కోలుకొనును; లేనిచో ఆకలితో మరణించును. ఇట్టి కష్టములో నున్న ప్రాణిమీద నాబోటివాని కాలు కూడ పడవలెనా?

"కవిత్వమునకును జీవశాస్త్రమునకును ముడి యెందుకు? పెదవి ఎఱ్ఱదనమునకు పగడము చాలును గదా" అని మా కళాశాలలోని మిత్రుడొకడు వాదించెను. ఉపమానము ఉండనిండు, నేను దానిని తీసివేయుమనలేదు. కాని మన బడులలో జరుగుచున్నది చూడుడు. తెలుగు గంటలో పగడము, నగ. భూగోళము గంటలో ప్రవాళభిత్తిక, పరీక్షకొఱకు కంఠస్థము చేయవలసిన మాట. జీవశాస్త్రపు గంటలో మఱొక పేరు. ఈ మూడును ఒక కుటుంబమువే అని చెప్పు ఉపాధ్యాయుడు ఎక్కడ? పేరుతో ప్రాణమును కలిపి చెప్పనిచో పిల్లవాడు రేపు నీటిలో దిగి నావలెనే నిలువబడును. తీరమున ఏరుకొన్న ముక్కను సంచిలో వేసికొనును కూడ. మా చిన్నవాడు వేసికొనబోగా ఆ అబ్బాయియే వారించెను. దిబ్బలు కట్టు పగడములకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టమున పులితో సమానమైన రక్షణ కలదు. పులి గోరు తెచ్చుకొనరాదని మనకు తెలియును, ఇది తెలియదు.

ఇక ఆ పడవవాండ్ర విషయము. గుంపులు ఎక్కువై, వేళ తక్కువై, నీటిలోని ఛాయాచిత్రములకు గల శ్రద్ధ దిగుటకు ముందు చెప్పు నాలుగు మాటలకు ఉండుట లేదు. ఆ నాలుగు మాటలు యాత్రికుని భాషలో, నిదానముగా చెప్పిన పిమ్మటనే ఎవరినైనను నీటిలోనికి దింపవలెనని నా అభిప్రాయము. నాకు నా భాషలోనే చెప్పిరి గదా, ఏమి లాభమని అడుగవచ్చును. నిజమే, కాని రెండవమారు దిగినప్పుడు కాళ్లు క్రింద పెట్టలేదు.

తిరుగు పడవలో ఆ అబ్బాయి నా ప్రక్కన కూర్చుండి, "మాస్టారూ, మేమంతా కోరల్ అనే అంటాం. దీన్ని తెలుగులో ఏమంటారండీ?" అని అడిగెను.

"పగడము" అంటిని.

అతడు నావంక వింతగా చూచి, "పగడమంటే మా అమ్మ నల్లపూసల్లో ఉంటుందే, అదా?" అనెను.