రెజ్యూమేలో ‘ఎంబెడెడ్’ ఉంది సరే.. బోర్డుతో మాట్లాడగలరా?

ఈసీఈ, ఈఈఈ ఫ్రెషర్ల రెజ్యూమేల్లో ‘ఎంబెడెడ్ సిస్టమ్స్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. మంచిదే. కానీ ఇంటర్వ్యూలో ‘స్క్రీన్ లేని బోర్డు ఇచ్చాం, పవర్ ఇచ్చినా పనిచేయడం లేదు. మొదట ఏం చేస్తారు?’ అని అడిగితే? సర్టిఫికెట్ చూపించి దాటేయగలిగే ప్రశ్న కాదిది. ల్యాబ్‌లో ఒక కిట్ చుట్టూ అరడజను మంది నిలబడి, రికార్డు మీద సంతకం చేయించుకుంటే వచ్చే జవాబూ కాదు.

జవాబు మాత్రం చిన్నదే. సీరియల్ పోర్టు కలిపి, టెర్మినల్ తెరిచి, బోర్డు ఏం చెబుతోందో చదవాలి. చాలా రౌటర్లు, లినక్స్ బోర్డులు పవర్ ఇచ్చిన క్షణం నుంచీ తమ పరిస్థితిని సీరియల్ పోర్టులో చెబుతూనే ఉంటాయి. మెమొరీ ఎంత కనిపించింది, ఎక్కడి నుంచి లోడ్ అవుతోంది, ఏ లైన్ దగ్గర ఆగింది.. అన్నీ అందులోనే. ఆర్ఎస్-232 ప్రమాణం 1960 నాటిది, పుటీ 1999లో వచ్చింది. పాతవే అయినా, కొత్త బోర్డును లేపే ఇంజినీర్ మొదట తెరిచేది ఇప్పటికీ ఈ కిటికీనే.

సరంజామాకి పెద్ద ఖర్చేమీ లేదు. నాంపల్లి స్టేషన్‌లో దిగి, అబిడ్స్ జీపీఓ మీదుగా కోఠి వైపు నడిస్తే గుజరాతీ గల్లీ. విడిభాగాల దుకాణాలన్నీ అక్కడే. ‘యూఎస్‌బీ టు టీటీఎల్ కన్వర్టర్’ అని అడగండి. సీపీ2102 లేదా సీహెచ్340 చిప్ ఉన్నది చాలు. జంపర్ వైర్లతో కలిపినా లెక్క వందల్లోనే, వేలల్లో కాదు. ప్రయోగానికి మీ ప్రాజెక్టు బోర్డో, ఇంట్లో మూలన పడేసిన పాత రౌటరో సరిపోతుంది.

కలపాల్సినవి మూడే వైర్లు. గ్రౌండ్‌కి గ్రౌండ్, దీని టీఎక్స్ దాని ఆర్ఎక్స్‌కి, దాని టీఎక్స్ దీని ఆర్ఎక్స్‌కి. బోర్డుకి సొంత పవర్ ఉంటే వీసీసీ జోలికి వెళ్లొద్దు. 3.3 వోల్టుల పిన్నుకి 5 వోల్టులు ఇస్తే బోర్డు పోవచ్చు. పాత 9 పిన్నుల ఆర్ఎస్-232 పోర్టుకి ఈ కన్వర్టర్‌ని నేరుగా అసలే కలపకండి, అక్కడి వోల్టేజీలు వేరు.

పుటీలో ‘సీరియల్’ ఎంచుకుని, డివైస్ మేనేజర్‌లో కనిపించే కామ్ నంబర్ ఇవ్వండి. వేగం చాలా బోర్డులకి 115200, సిస్కో పరికరాల కన్సోల్‌కి సాధారణంగా 9600. 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. ఫ్లో కంట్రోల్ ‘నన్’. ఉబుంటులో అయితే మినీకామ్ వాడొచ్చు. అనుమతి లేదంటే మీ యూజర్‌ని ‘డయల్‌అవుట్’ గ్రూపులో చేర్చాలి.

అసలు విద్య పనిచేయనప్పుడే మొదలవుతుంది. పిచ్చి అక్షరాలు వస్తున్నాయా? మొదట వేగం తప్పేమో చూడండి. స్క్రీన్ ఖాళీగా ఉందా? టీఎక్స్, ఆర్ఎక్స్ తారుమారయ్యాయేమో, గ్రౌండ్ ఊడిందేమో. తప్పు మీ కన్వర్టర్‌దా, బోర్డుదా తేలకపోతే బోర్డు తీసేసి, కన్వర్టర్ టీఎక్స్, ఆర్ఎక్స్‌లను ఒకదానికొకటి కలిపి టైప్ చేయండి. అక్షరాలు తిరిగొస్తే మీ వైపు అంతా సవ్యమే. ఇలా ఒక్కో అనుమానాన్నీ తీసేసుకుంటూ పోవడమే ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీలో వెతికేది.

ఒక లెక్క కూడా గుర్తుంచుకోండి. పై సెట్టింగుల్లో ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు. అంటే 115200 దగ్గర సెకనుకి 11,520 అక్షరాలు.

ఇదొక్కటే ఉద్యోగం ఇప్పించదు. సీ భాష రావాలి, డేటాషీట్ చదవడం రావాలి. అయితే అమీర్‌పేటలో వేలకు వేలు ఫీజు కట్టే ముందు ఒక్క వారం దీనికివ్వండి. బూట్ లాగ్‌ను ఫైల్‌లో సేవ్ చేసి, లైన్ లైన్‌కీ అర్థం రాసుకోండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఆ వారంలోనే తెలిసిపోతుంది. నచ్చితే రెజ్యూమేలో రాసుకోవడానికి చేతులతో చేసిన పని ఉంటుంది. నచ్చకపోతే మీ ఇంట్లోవాళ్ల డబ్బు మిగులుతుంది.