చిన్న కారుకు ఏ ఇంజను? బలం కన్నా బరువే కీలకం
రోడ్డెక్కే దారి లేక ఆగిపోతున్న యువకుల శ్రమ

సంగం: ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చదువుతున్న యువకుల్లో సొంతంగా తేలికపాటి కారు కట్టాలన్న కోరిక కొత్తది కాదు. గొట్టాలతో చట్రం వెల్డింగ్ చేసి, డ్రైవరు సీటుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఇంజను బిగించే పద్ధతినే చాలామంది ఎంచుకుంటారు. బరువు నడుమ ఉంటే బండి మలుపులో తేలిగ్గా తిరుగుతుంది, వెనుక చక్రాలకు పట్టు దొరుకుతుంది. అయితే ఏ ఇంజను పెట్టాలన్న దగ్గరే డబ్బూ, ప్రాణమూ రెండూ ముడిపడి ఉన్నాయి.

అందుబాటులో ఉన్నది మారుతి ఇంజనే

1983లో వచ్చి 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800లోని 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజను విడిభాగాలు తెలియని మెకానిక్కు అరుదు. కార్బురేటర్ రకం బలం సుమారు 37 హార్స్ పవర్. 650 కిలోల కారులో ఒక్కో హార్స్ పవర్ 17 కిలోలకు పైగా లాగాలి. అదే ఇంజను 400 కిలోల బండిలో ఉంటే 11 కిలోలు లాగితే చాలు. పెద్ద ఇంజను కోసం పరుగెత్తడం కన్నా బరువు తగ్గించుకోవడమే లాభమని ఈ లెక్క చెబుతుంది. 1996లో వచ్చిన బ్రిటిష్ కారు లోటస్ ఎలీజ్ కూడా 1.8 లీటర్ల తేలిక అల్యూమినియం ఇంజనుతోనే పేరు తెచ్చుకుంది.

మారుతిలో ఇంజను, గేర్‌బాక్సు ఒకే ముద్దగా ఉండి ముందు చక్రాలను తిప్పుతాయి. ఆ ముద్దను యథాతథంగా వెనక్కి చేర్చవచ్చు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ముందు చక్రాలు స్టీరింగుతో తిరిగేవి. వెనక్కి మార్చినప్పుడు వాటి టై రాడ్లను చట్రానికి గట్టిగా బిగించకపోతే పరుగులో వెనుక చక్రం పక్కకు తిరుగుతుంది. గట్టి డిస్క్ బ్రేకులు వెనక్కి పోయి ముందు బ్రేకులు బలహీనపడితే, తొక్కిన మరుక్షణం వెనుక చక్రాలు బిగుసుకుని బండి గిరగిరా తిరుగుతుంది. రేడియేటర్ ముందుంటే నీళ్ల గొట్టాలు బండి పొడవునా సాగాలి. మన ఎండల్లో అందులో గాలి చిక్కితే ఇంజను కాలిపోతుంది.

మోటార్ సైకిల్ ఇంజను తేలిక. కెటిఎం 373 సి.సి. ఇంజను 43 హార్స్ పవర్ వరకు ఇస్తుంది. అయితే దానికి రివర్సు గేరు లేదు. చైనుకు తగిన డిఫరెన్షియల్ విడిగా అమర్చాలి. 2009లో వచ్చిన టాటా నానో 624 సి.సి. ఇంజను మొదటినుంచీ వెనుక చక్రాలను తిప్పేదే కాబట్టి స్టీరింగు చిక్కు లేదు. 2018లో తయారీ ఆగినందున ముందుముందు విడిభాగాల మాటేమిటన్నది చూసుకోవాలి.

చట్టం మాటేమిటి?

ఇంత శ్రమపడి కట్టిన బండి నెల్లూరు–ముంబయి రహదారి ఎక్కితే మరో సమస్య ఎదురవుతుంది. తయారీదారు నమూనాను పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థల పరీక్షలో నెగ్గించాకే కొత్త వాహనానికి రిజిస్ట్రేషన్. ఒక్క బండి కట్టుకునేవానికి అది మోయలేని భారం. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం సవరించిన చట్టం ప్రకారం యజమాని అనుమతి లేకుండా మార్పులు చేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కనుక ఈ యువకులకు పోటీ మైదానమే సరైన చోటు. బాహా పోటీల పెట్రోలు విభాగంలో జట్లన్నిటికీ ఒకే రకం 10 హార్స్ పవర్ ఇంజను పెట్టారు. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్‌లో 710 సి.సి. వరకు పరిమితి ఉంది. అక్కడ బ్రేకులు పరీక్షించాకే బండిని ట్రాక్ మీదికి వదులుతారు.

బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క కారునైనా అధికారులు పరీక్షించి రోడ్డుకు అనుమతించే విధానముంది. అటువంటి పరీక్ష కేంద్రం మన రాష్ట్రంలో ఒక్కటున్నా, దొంగచాటుగా రోడ్డెక్కే బండ్లు తగ్గుతాయి, చేతిలో పని ఉన్న కుర్రాళ్లకు గౌరవం దక్కుతుంది. ప్రభుత్వం ఆలోచించవలసిన విషయమిది. అంతవరకు పిల్లలకు ఇంజను కొనిచ్చే తల్లిదండ్రులు ముందుగా అడగవలసింది ఆ బండి ఎంత వేగంగా పోతుందని కాదు, ఎలా ఆగుతుందని.